కండ ఒలుపు: కర్నూలు, కడప సీమల్లో వేటమాంసపు కోత

చంపిన జంతువు ఎముకల నుంచి మాంసాన్ని కత్తితో విడదీయడాన్ని ఈ వ్యాసంలో కండ ఒలుపు అంటున్నాం. కాయ ఒలవడం, తోలు ఒలవడం అన్న మాటల వరసలోదే ఇదీ. ఆదివారం పొద్దున ఎవరినైనా మాంసం అంగడికి పంపితే ‘కూర కొట్టించుకొని రా’ అంటారు. ఎముకతో సహా అడ్డంగా నరికిస్తే కొట్టించడం. ఎముకను తప్పించి కండను తీస్తే కోయడం, ఒలవడం. ఈ రెండూ వేరు వేరు పనులు. కత్తులు వేరు, చేతివాటం వేరు.

రాయలసీమ వంటింటికి మొదటి నుంచీ కొట్టించిన మాంసమే ఇష్టం. సంగటి ముద్ద ముంచుకునే పులుసుకు రుచి మూలుగ నుంచి, కీళ్ల దగ్గరి జిగురు నుంచి వస్తుంది. ఎముక లేని కూరను ఇక్కడి పెద్దలు కూర కిందే లెక్కపెట్టరు. అయినా ఒలిచే విద్య ఈ సీమలో వేల ఏళ్లుగా బతికే ఉంది. మాంసాన్ని దూరం మోయాల్సి వచ్చినప్పుడు ఒలిచారు, దాచాల్సి వచ్చినప్పుడూ ఒలిచారు. దాచడం అంటే తెలుగులో నిల్వ చేయడమూ అవుతుంది, కనపడకుండా చేయడమూ అవుతుంది. ఒలుపు చరిత్రలో ఈ రెండు అర్థాలూ ఉన్నాయి.

గవుల్లో ఎముకలు

ఇక్కడ గుహను గవి అంటారు. బేతంచెర్ల చుట్టుపక్కల సున్నపురాతి కొండల్లోని బిల్లసర్గం గవుల్లో పాత ఎముకలున్నాయని 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ వాటిని తవ్వించారు. ఒక గవికి వాళ్లు పెట్టిన పేరు ‘చార్నెల్ హౌస్’. ఎముకల కొట్టు అని అర్థం. దొరికిన ఎముకలను పురాజీవ శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ పోల్చి చూసి ఏది ఏ జంతువుదో గుర్తించాడు. మనుషులు ఎముకతో చేసుకున్న పనిముట్లు కూడా వాటిలో ఉన్నాయని ఫుట్ అన్నాడు.

దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, 1970లలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి అదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిని తవ్వారు. అక్కడ కాలిన మట్టిని పరీక్షిస్తే సుమారు 17,000 ఏళ్ల వయసు తేలింది. రాతి పనిముట్లతో పాటు, వాటికన్నా ఎక్కువగా, ఎముక పనిముట్లు దొరికాయని మూర్తి ప్రకటించారు. ఈ లెక్కను అందరూ ఒప్పుకోలేదు. ఏదుపందికి ఎముకలు కొరికే అలవాటు ఉంది. అది కొరికిన ఎముక కొన మనిషి చెక్కిన మొనలాగే కనిపించి పండితులను కూడా తికమక పెడుతుంది.

బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో మాత్రం రాతి పనిముట్ల గురించి ఇలాంటి పేచీ లేదు. జుర్రేరు లోయలోని ఒక రాతి పంచ కింద సుమారు 35,000 ఏళ్ల నాటి నుంచి సూక్ష్మ రాతి పనిముట్లు పొరలు పొరలుగా దొరికాయి. వేలి గోరంత, వేలి కణుపంత రాతి రెక్కలవి. వీటిని కర్రకో ఎముకకో జిగురుతో అతికించి బాణపు మొనలుగానూ కత్తి అంచుగానూ వాడేవారు. విడిగా పట్టుకున్నా చెకుముకి జాతి రాయి నుంచి అప్పుడే రాలిన రెక్క ఇనుప కత్తికి తీసిపోని పదునుతో ఉంటుంది. కాకపోతే ఆ పదును ఎక్కువసేపు నిలవదు. మొద్దుబారితే పారేసి ఇంకొకటి రాల్చుకోవాలి. అందుకే ఇలాంటి చోట్ల రాతి రెక్కలు వేల సంఖ్యలో పడి ఉంటాయి.

రాతి రెక్కతో మాంసం కోస్తే ఎముక మీద సన్నని గీతలు పడతాయి. అవి ఎక్కడ పడ్డాయో చూస్తే పని ఏమిటో తెలుస్తుంది. గీతలు కాలి గిట్టల దగ్గర, పుర్రె చుట్టూ ఉంటే తోలు ఒలిచారు. కీళ్ల అంచుల్లో ఉంటే అవయవాలు విడదీశారు. తొడ ఎముక పొడవునా నడిమి భాగంలో ఉంటే కండ ఒలిచారు. ఎముక నిలువునా పగిలి ఉంటే మూలుగ తీసుకున్నారు. అలాస్కాలోని నునామియూట్ వేటగాళ్లు కోసే తీరు చూసి పురావస్తు శాస్త్రవేత్త లూయిస్ బిన్‌ఫర్డ్ 1970లలో ఈ చదువును ఒక పద్ధతిలో పెట్టాడు. ఏ దేశపు గవిలో దొరికిన ఎముకనైనా ఇప్పుడు ఈ కళ్లతోనే చూస్తున్నారు. గీతలు దేశాన్ని బట్టి మారవు. జింక జాతి కీలు ఎక్కడైనా ఒకచోటే ఉంటుంది మరి.

ఈ సీమలో ఏ జంతువులు

వేట ఏ జంతువుదైతే ఒలుపు కష్టం దాన్ని బట్టి ఉంటుంది. నల్లమలలో, శేషాచలం అంచుల్లో చుక్కల దుప్పి, కణితి ఉంటాయి. కర్నూలు మెట్ట చేలలో కృష్ణజింక. దాని మగదాన్ని ఇర్రి అని, ఆడదాన్ని లేడి అని పాత తెలుగు. దుప్పి మగది 70 నుంచి 90 కిలోలు తూగుతుంది, ఇర్రి 40 కిలోలకు అటూ ఇటూ, పెద్ద కణితి 200 కిలోలు దాటుతుంది. ఇర్రిని ఒకరు భుజాన వేసుకొని నడవొచ్చు. కణితిని అక్కడే ఒలవక తప్పదు.

వీటన్నిటినీ జనం కలిపి జింకలనే అంటారు గానీ దుప్పి, కణితి ఒక కుటుంబం; ఇర్రి మేక, గొర్రెల కుటుంబం. ఏటా రాలిపోయి మళ్లీ మొలిచే కొమ్మల కొమ్ములు దుప్పివి. రాలని మెలికల కొమ్ములు ఇర్రివి. కోసేవాడికి అక్కరకొచ్చే తేడా ఇంకొకటి ఉంది. దుప్పికి, కణితికి పిత్తాశయం ఉండదు. మేకను, పొట్టేలును కోసేటప్పుడు కాలేయాన్ని అంటిపెట్టుకున్న చేదు తిత్తి పగలకుండా తీయడం మొదట నేర్పే జాగ్రత్త. పగిలితే తాకినంత మేర చేదవుతుంది. దుప్పిని కోసినవాడికి ఆ బెడదే లేదు.

చింతకుంట, కేతవరం బొమ్మలు

కడప జిల్లా ముద్దనూరు దగ్గరి చింతకుంటలోనూ కర్నూలుకు దగ్గరలోని ఓర్వకల్లు మండలం కేతవరంలోనూ కొండరాళ్ల మీద పాతకాలపు జంతువుల బొమ్మలున్నాయి. జింకలు, మూపురం ఎద్దులు, ఇంకా ఎన్నో. గీసినవాళ్లకు జంతువు పరుగు, కొమ్ము, మెడ వంపు నచ్చాయి. కోత నచ్చినట్టు లేదు.

కవులదీ అదే వరస. మనుచరిత్రలో పెద్దన స్వరోచి వేటను ఘనంగా వర్ణించాడు. జంతువు పడ్డాక కత్తి పట్టినవాడి జోలికి పోలేదు. తిన్నడి కథ కొంత నయం. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో చెప్పిన బోయ తిన్నడు వేటాడిన మాంసాన్ని కాల్చి, రుచి చూసి, మెత్తని ముక్కలే ఏరి శివుడికి పెడతాడు. తిన్నడిది రాజంపేట దగ్గరి ఊటుకూరని కడపవాళ్ల నమ్మకం. ఏ ముక్క మెత్తనో తెలిసి ఏరడం ఒలుపు తెలిసినవాడి పని. కళేబరంలో అన్ని కండలూ ఒకటి కావు. జంతువు నడకలో ఎక్కువ కష్టపడేవి గట్టివి. నడుము లోపలి పక్కన, వెన్నెముక కింద దాక్కున్న రెండు సన్నని కండలు అన్నిటికన్నా మెత్తనివి.

ఒలిచే తీరు

ఈ రోజు ఈ పనిని చట్టబద్ధంగా చూడగలిగేది పొట్టేలు మీద, మేక మీద. వాటి ఎముకల అమరికకూ దుప్పి అమరికకూ కోసేవాడికి పట్టింపైన తేడా లేదు. 7 మెడపూసలు, 13 జతల పక్కటెముకలు, ముందుకాలికి ఒంటితో కీలు లేకపోవడం అన్నిటికీ సమానమే. కాబట్టి కింద చెప్పేది అంగడిలో జరిగే పని.

తోలు వేడి మీదే వస్తుంది. ఒళ్లు చల్లబడి బిగిశాక చర్మం కండను కరచుకుంటుంది. వెనక కాలి మడమ పైన లావుపాటి నరానికీ ఎముకకూ మధ్య సందు చేసి, అందులో కొక్కెం దూర్చి తలకిందులుగా వేలాడదీస్తారు. కాలి దగ్గర చిన్న గాటు పెట్టి గట్టిగా ఊదితే తోలుకూ కండకూ మధ్య గాలి చేరి తోలు సులువుగా విడుతుంది. ఊపిరితో పాటు క్రిములూ చేరతాయని వైద్యులు దీన్ని ఒప్పుకోరు. ఆ తర్వాత కత్తి కన్నా పిడికిలికే పని ఎక్కువ. తోలును ఒక చేత్తో లాగుతూ పిడికిలితో నొక్కుతూ దిగితే కండ మీద గాటు పడదు, తోలూ చిరగదు. పొట్ట తెరిచేటప్పుడు కత్తి మొనను పైకి తిప్పి, లోపల రెండు వేళ్లు అడ్డం పెట్టుకొని కోస్తారు. పేగు తెగితే మాంసం పాడు. బోటి, కాలేయం, గుండెకాయ, ఊపిరితిత్తులు వేరు గిన్నెలోకి పోతాయి.

ఒలుపు అసలు మొదలయ్యేది జబ్బ దగ్గర. చూసినవాళ్లు ఆశ్చర్యపోయేదీ ఇక్కడే. మనిషికి భుజాన్ని రొమ్ముకు కట్టే జత్రువు అనే ఎముక ఉంది. మేకకు, గొర్రెకు, దుప్పికి అది లేదు. వాటి ముందుకాలు ఒంటికి కండతోనే అతుక్కొని ఉంటుంది. కాలిని పక్కకు ఎత్తి సంకలో కత్తి పెట్టి పక్కటెముకల మీదుగా జార్చితే, ఏ ఎముకా తెగకుండా జబ్బ మొత్తం చేతికొస్తుంది. జబ్బ పలక ఎముక మీద మధ్యలో గట్టులాంటి అంచు నిలబడి ఉంటుంది. దానికి అటూ ఇటూ ఉన్న కండలను పలకకు ఆనించి గీకితే రెండు దళాలుగా లేస్తాయి.

వెనక తొడకు కీలుంది. తుంటి గుంటలో తొడ ఎముక తల బంతిలా కూర్చొని, చిన్న నరంతో లోపల కట్టేసి ఉంటుంది. కాలిని వెనక్కి విరిచినట్టు వంచితే గుంట నోరు తెరుచుకుంటుంది. కత్తి మొనతో ఆ నరాన్ని తెంపితే చాలు. తెలియనివాడు అక్కడ నరుకుతాడు. ఎముక పెళుసులు మాంసంలో కలిసి పళ్ల కిందికి వచ్చేది అందుకే.

తొడ ఎముకకు కండ మందం అన్ని పక్కలా ఒకటి కాదు. లోపలి పక్క పలచన. అటువైపు నుంచి ఎముక పొడవునా ఒక్క గాటు పెట్టి, ఎముకను చుట్టూ గీరుకుంటూ పోతే ఎముక ఒరలోంచి కత్తి వచ్చినట్టు బయటికి వస్తుంది. మోకాటి చిప్పను ముందే తప్పించాలి. తొడ కండలు మూడు నాలుగు పెద్ద కట్టలు. కట్టకూ కట్టకూ నడుమ తెల్లని పలచటి పొర ఉంటుంది. ఆ పొర మీద బొటనవేలు నడిపితే చాలు, కత్తి పెద్దగా అక్కర్లేదు. కొవ్వులో పూడి ఉండే బూడిదరంగు గడ్డను తీసి పారేస్తారు. ఉంచితే కూర నీచు కొడుతుంది.

వెన్నెముకకు రెండు పక్కలా మెడ మొదటి నుంచి తుంటి దాకా రెండు పొడవాటి కండలు పరుచుకొని ఉంటాయి. పూసల ముళ్లను ఆనుకొని ఒక నిలువు గాటు, పక్కటెముకల మీద ఒక అడ్డ గాటు పెడితే కండ తాడులా విడివస్తుంది. పక్కటెముకల నడుమ కండను ఒలవడం దండగ. మెడను ఒలవడం ఇంకా దండగ. ఏడు పూసల సందుల్లో కత్తి తిప్పేలోగా పొయ్యి మీద పులుసు తయారవుతుంది.

మంచి కోతకు గుర్తు ఎముకే. ఒలిచాక దాని మీద ఎర్రదనం ఎంత తక్కువ మిగిలితే అంత చేయి తిరిగినవాడు.

కత్తులు, మొద్దు

ఒలిచే కత్తి సన్నగా, జానెడు పొడవుతో, మొన తేలి ఉంటుంది. కొట్టే కత్తి వెడల్పుగా, బరువుగా ఉండి తన బరువుతోనే దిగుతుంది. ఊరి కమ్మరి పాత బండి పట్టాలను, స్ప్రింగు పట్టీలను కాల్చి సాగగొట్టి చేసిన కత్తులకు ఇంకా గిరాకీ ఉంది. తుప్పు పట్టినా పదును ఎక్కడం సులువని చెబుతారు. కొన్ని పాత అంగళ్లలో కత్తిని కాలి వేళ్ల మధ్య నిలబెట్టి, మాంసాన్ని రెండు చేతులతో దాని అంచు మీద లాగే పద్ధతి ఉంది. అప్పుడు కత్తి కదలదు, మాంసమే కదులుతుంది. ఎముక లేని కండను సన్నగా తరగడానికి అది చక్కగా కుదురుతుంది.

మొద్దుకు చింతమానును మించింది లేదు. గట్టిది, పీచు విడదు, దెబ్బకు పొట్టు రాలి మాంసంలో కలవదు. మొద్దుతో ఎక్కువ అవసరం పడేది కొట్టేవాడికి. ఒలిచేవాడికి చదునైన బండ చాలు. అది కడప బండే అయి ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. రంపం ఈ సీమ కోతలో లేదు. అమెరికాలో, ఐరోపాలో ఎముక రంపం వాడతారు. ఇక్కడి వాడుక రెండే, కీలు దొరికితే కత్తి, దొరకకపోతే దెబ్బ.

మోయడం, ఎండబెట్టడం

కళేబరంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఎముకే. కొండ దిగాల్సినవాడికి ఆ బరువు పెద్ద లెక్క. ఉత్తర అమెరికా వేటగాళ్లు ఈ కారణంతోనే పొట్ట కూడా తెరవకుండా జంతువును నేల మీదే ఒక పక్కకు పడుకోబెట్టి జబ్బ, తొడ, వెన్నుకండ ఒలుచుకొని, తిప్పి రెండో పక్క ఒలుస్తారు. వాళ్లకు ఇప్పుడు ఇంకో కారణమూ తోడైంది. 1967లో కొలరాడోలో మొదట కనిపించిన క్షీణత జబ్బు జింకల మెదడును తినేస్తోంది. దాన్ని కలిగించే పదార్థం మెదడులో, వెన్నుపాములో, గ్రంథుల్లో ఎక్కువ కాబట్టి వెన్నెముకను కోయకుండా కండను ఒలుచుకోమని అక్కడి వన్యప్రాణి శాఖలు చెబుతున్నాయి.

కర్నూలు, కడప ఎండల్లో తొందర ఇంకా ఎక్కువ. వేసవిలో 42, 43 డిగ్రీలు మామూలైన చోట ఎముక పక్కన కండ లోపలి వేడి త్వరగా దిగదు. చెడడం అక్కడే మొదలవుతుంది. ఎముక తీసేస్తే కండ తెరుచుకొని ఆరుతుంది. అదే ఎండను వాడుకొని చేసేది ఉప్పుకండ. ఒలిచిన కండను పీచు వెంబడి పొడవాటి చీలికలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, దారానికి గుచ్చి తోరణంలా ఎండకు కడతారు. చీలిక వంగక విరిగేదాకా ఎండాలి. కొవ్వు ఉన్న చోట కారిపోయి కంపు పట్టేస్తుంది కాబట్టి కొవ్వును ముందే తీస్తారు. అడవి జంతువు కండలో కొవ్వు తక్కువ కనుక ఒకప్పుడు వేటమాంసం ఉప్పుకండకు బాగా పనికొచ్చేది. ఇప్పుడు పొట్టేలు మాంసంతోనే చేస్తారు.

మాంసాన్ని ఇలా దాచుకోవడం వేటగాళ్లందరికీ అక్కర పడలేదు. నల్లమల అడవిలో ఉండే చెంచుల మీద మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వచ్చింది. విల్లంబులు చేతిలో ఉన్నా అప్పటికే వాళ్ల తిండి ఎక్కువగా దుంపలు, పళ్ల మీద నడుస్తోందని ఆయన గమనించాడు. వేట మాంసాన్ని తోటివాళ్లతో పంచుకునే జనానికి దాచుకోవాల్సిన అవసరం తక్కువ. పల్లెల్లో పండగనాడు పది ఇళ్లు కలిసి పొట్టేలును కోసుకునే చోట ఈ పంపకం ఇప్పటికీ చూడొచ్చు. కుప్పలు పెడతారు. ప్రతి కుప్పలో తొడ ముక్క, పక్కటెముక, కాలేయం తునక, ఒక మూలుగ ఎముక పడాలి. ఒలిచిన కండతో ఈ న్యాయం కుదరదు. కండంతా ఒకేలా కనిపిస్తుంది, ఎవరికి ఏది పోయిందో తెలియదు.

చట్టం, ఆ తర్వాత

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కొన్ని జంతువులకు లైసెన్సు మీద వేట ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. ఇప్పుడు దుప్పి, కణితి, కృష్ణజింక ఏదైనా సరే వేట నేరం. ఆ మాంసం చట్టప్రకారం ప్రభుత్వ ఆస్తి. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది, శిక్ష మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25,000 రూపాయలు. కృష్ణజింకే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యంలో కృష్ణజింకలు బాగా పెరిగాయి, చుట్టుపక్కల రైతుల పంటల మీద పడ్డాయి. రైతు కోపానికి కారణం లేకపోలేదు. దొంగవేటగాడు చెప్పుకునే సాకుల్లో అదీ ఒకటి.

దొంగవేటలో ఒలుపు రెండో అర్థంలో దాచడం అవుతుంది. తోలు, కొమ్ములు, గిట్టలు పాతిపెట్టి ఒలిచిన కండను సంచిలో వేసుకుంటే అది మేకమాంసమని చెప్పొచ్చు. చూపుతో తేల్చడం కష్టం. అలాంటి కేసుల్లో మాంసం ముక్క హైదరాబాదు సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలకు వెళ్తుంది. కణాల్లోని మైటోకాండ్రియా డీఎన్‌ఏలో సైటోక్రోమ్-బి అనే జన్యువు జాతి జాతికీ తేడాగా ఉంటుంది. దాన్ని చదివి దుప్పో, ఇర్రో, మేకో చెప్పేస్తారు. వండిన కూర నుంచి కూడా చాలాసార్లు చెప్పగలరు. గవుల్లో ఎముక మీది గీతను చూసి వేటగాణ్ణి గుర్తుపడతారు, ఇక్కడ ఎముకే లేని కండను చూసి జంతువును గుర్తుపడుతున్నారు.

మాంసం లేని వేట ఒకటి ఈ సీమలో మిగిలింది. అహోబిలం పారువేట. కనుమ నాడు నరసింహస్వామి పల్లకి బయలుదేరుతుంది. చెంచులు పల్లకి వైపు బాణాలు వేసి సాగనంపుతారు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి స్వామి కొండకు చేరతాడు.

ఇక మాంసం అంగళ్లలో ఒలుపు రోజూ సాగేది ఖైమా కోసం. కొనేవాళ్లు తొడ భాగం చూపిస్తారు. చాలా అంగళ్లలో తూకం ఎముకతోనే వేస్తారు, ఆ తర్వాతే ఒలుపు. కోసేవాడు తుంటి గుంట తెరిచి, లోపలి పక్క గాటు పెట్టి, ఎముకను ఊడబెరికి, కండను చింతమొద్దు మీద రెండు కత్తులతో దంచుతాడు. ఎముకను పారేయడు. రెండు దెబ్బలకు విరిచి వేరే కవర్లో కట్టి, అడగకుండానే సంచిలో వేస్తాడు, పులుసుకు.